బానెట్ మీద గొడుగు నీడ

యెషయా ఎవరి జోలికీ పోడని, నోట్లో నాలుక లేని మనిషని రైల్వే ఆడిట్ ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. అనేవాళ్ళకేం పోయింది, అంటారు. ఆ నోట్లో నాలుక లేని మనిషే ఏడాది పాటు ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పరలోక ప్రార్థన చెబుతూ చెబుతూ, తోటివాళ్ళ తప్పులు క్షమించే మాట దగ్గరికి రాగానే టక్కున నోరు మూసేసేవాడు. ఆ మాట దాటిపోయాక మళ్ళీ అందుకునేవాడు.

ఇది కనిపెట్టింది ఎమిలీ. పాటల బృందంలో జనానికి ఎదురుగా నిలబడే మనిషి కాబట్టి ఎవరి నోరు ఎప్పుడు ఆడుతోందో, ఎప్పుడు ఆగుతోందో ఆమెకు తెలియకుండా పోదు. పైగా యెషయా భార్య రోసమ్మ బతికున్నన్నాళ్ళూ ఆమెకు ప్రాణ స్నేహితురాలు. ఒకనాడు చర్చి గేటు దగ్గర ఆపి అడిగేసింది.

"అన్నయ్యా, దేవుడి దగ్గర కూడా మాట మింగేస్తే ఎలా?"

"అబద్ధం చెప్పమంటావా మరి? క్షమించలేదు, క్షమించను. ఆ ముక్క ఆయనకీ తెలుసు" అన్నాడు యెషయా.

క్షమించనిది సదాశివని. రెజిమెంటల్ బజారులో ఫోటో స్టూడియో నడిపే సదాశివని. అదేమిటో తెలియాలంటే యెషయాకున్న కార్ల పిచ్చి దగ్గర మొదలుపెట్టాలి.

సైకిలు తప్ప సొంత బండి ఎరగని మనిషికి కార్ల పిచ్చేమిటని అడక్కండి. పిచ్చికి కారణాలుంటాయా? బాపట్ల నుంచి ఉద్యోగానికొచ్చి సికింద్రాబాద్ స్టేషన్లో దిగిన రోజున, బయట ఒక నల్లటి పాత బ్యూక్ కనబడితే ట్రంకుపెట్టె కింద పెట్టేసి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయాట్ట. అప్పట్నుంచి అంతే. ఆఫీసుకి పోతున్నా, మార్కెట్‌కి పోతున్నా, ఎక్కడ పాత కారు కంటబడినా ఆగి ఫోటో తీసుకోవాల్సిందే. ఆ పనికి ఆయన పెట్టుకున్న నేమాలు కూడా ఉన్నాయి. ఓనర్ని అడగకూడదు, కారుని ముట్టుకోకూడదు, కడిగించి నిలబెట్టించి తీయకూడదు. దారిన పోతుంటే అదే కనబడాలి, కనబడినది కనబడినట్టే తీయాలి. వెతుక్కుంటూ పోయి తీస్తే వేట, ఇలా తీస్తే దర్శనం అనేవాడు.

రోసమ్మ వాటిని ముసలి కార్లు అనేది. "కూరలకి రమ్మంటే ముసలి కారు, పెళ్ళికి రమ్మంటే ముసలి కారు. ఈయన్ని కట్టుకుని నేనూ ఓ ముసలి కారునైపోయా" అని నవ్వేది. అలా అన్నా, ఆయన కెమెరా తీస్తే మాత్రం సంచీ పట్టుకుని, గొడుగు వేసుకుని, పని అయ్యేదాకా ఓపిగ్గా నిలబడేది. ఆ కెమెరాలో ఆమె ఎప్పుడూ పడలేదు. "రీలు వృథా ఎందుకండీ, నా మొహం రోజూ చూసేదేగా" అనేది. నిజమే కదా అనుకునేవాడు ఈయన. బుద్ధిలేని మగాళ్ళందరూ అలాగే అనుకుంటారు.

ఆ ఎండాకాలం తిరుమలగిరిలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళి వస్తున్నారిద్దరూ. ఒక పాత బంగళా గేటు బార్లా తెరిచి ఉంది. లోపల్నుంచి మనుషులు మెరూన్ రంగు హంబర్ కారుని రోడ్డు మీదికి తోసుకొస్తున్నారు. బంగళా అమ్మేశారట, కారుని బొంబాయి వాళ్ళెవరో పట్టుకుపోతున్నారట, లారీ కూడా వచ్చి నిలబడింది. ఆ గోడ వెనక అలాంటి కారుందని వినడమే గాని ఊళ్ళో చూసినవాడు లేడు. యెషయా గబగబా కెమెరా తీశాడు. రీల్లో ఒకే ఒక్క ఫోటో మిగిలింది. తీరా కెమెరా ఎత్తితే, ఎండ బానెట్ మీద పడి సూటిగా కంట్లోకి కొడుతోంది.

"ఈ తళతళలో ఏం పడుతుంది, నా తలకాయ" అని విసుక్కున్నాడు.

అంతలో ఫ్రేములో ఓ పక్కకి రోసమ్మ వచ్చి నిలబడింది. "అడ్డం, పక్కకి జరుగు" అని అరిచాడు. జరగలేదు. లారీవాడు తొందరపెడుతున్నాడు. చేసేది లేక నొక్కేశాడు. బస్టాపు దాకా సణుగుతూనే నడిచాడు.

"ఫోటో వచ్చాక చూసుకుని, అప్పుడు తిడుదురు గాని" అంది రోసమ్మ.

ఆ ఫోటో రాలేదు. రీలు కడగమని ఎప్పటిలాగే సదాశివకిస్తే, మూడోనాడు తల అడ్డంగా ఊపాడు. "చివరి ఫ్రేము వెలుతురు తగిలి కాలిపోయింది సార్. రీలు తీసేటప్పుడు మీరు జెర జల్దీ చేసినట్టున్నరు." యెషయా నమ్మాడు. ఎన్నో ఏళ్ళుగా తన కార్లన్నిటినీ చీకట్లోంచి బయటికి తెచ్చిన చేతులవి. నమ్మక ఏం చేస్తాడు?

ఆ వానాకాలం దాటకుండానే కామెర్లొచ్చి రోసమ్మ పోయింది. సమాధుల తోట నుంచి మల్కాజ్‌గిరి ఇంటికొచ్చి, హాల్లో పెట్టుకుందామని ఆమె ఫోటో కోసం వెతికాడు యెషయా. ఇంటినిండా కార్లు. బ్యూకులు, ఆస్టిన్లు, ఫోర్డులు, మోరిస్‌లు. భార్య లేదు. ఉన్నదల్లా పెళ్ళినాటి ఫోటో. అందులో ఆమె బెదిరిపోయి తలొంచుకుంటే ముసుగు తప్ప మొహం కనబడదు. కాలిపోయిన ఆ ఒక్క ఫ్రేమూ దక్కి ఉంటేనా అని గోడకి తల బాదుకున్నాడు.

ఫోటోగ్రఫీ సంఘం వాళ్ళు ఏటా జనవరిలో, ఊరి పాత కార్లన్నీ ఊరేగే రోజున, క్లబ్బు హాల్లో ఫోటోల ప్రదర్శన పెడతారు. ఆ జనవరిలో మనసు మళ్ళించుకుందామని వెళ్ళాడు యెషయా. మొదటి బహుమతి ఫోటో ముందుకొచ్చి ఆగిపోయాడు. అదే గేటు, అదే హంబర్, అదే లారీ. కింద సదాశివ పేరు. రోసమ్మ నిలబడ్డ చోటు రాకుండానే ఫోటో అంచు వచ్చేసింది. కోసేశాడు దొంగవెధవ. కానీ బానెట్ మీద గుండ్రటి గొడుగు నీడ అలాగే పడి ఉంది. మనిషిని కోసినవాడు నీడనెలా కోస్తాడు? ఆ నీడనే పెద్దలు తెగ మెచ్చుకుంటున్నారు. అది పడబట్టే ఆ ఎండలో కూడా బానెట్టూ దీపాలూ గీత గీతా తేలాయట. సదాశివ చేతులు కట్టుకుని వినయం ఒలకబోస్తున్నాడు.

"చెట్టు నీడ కోసం చాన సేపు ఆగిన సార్."

చెట్టట, చెట్టు.

మర్నాడు స్టూడియోకి వెళ్ళిన యెషయా పోట్లాడలేదు. బతిమాలాడు. "సదాశివా, అది నేను తీసింది. అందులో మా ఆవిడుంది. బహుమతి నువ్వే ఉంచుకో, పేరు నువ్వే ఉంచుకో. ఆ నెగెటివ్ ఒక్కటి నాకిచ్చెయ్యి."

"ఆ దినం నేను సుత ఆడ్నే ఉన్న సార్. నా కెమెరా, నా ఫోటో. నెగెటివ్ నా తాన ఉంది. నెగెటివ్ ఎవరి తాన ఉంటే ఫోటో వాళ్ళది, గంతే."

"ఒక్కసారి చూపించు, చాలు."

"మీకెందుకు చూపిస్త?" అని సదాశివ, బిడ్డ ఫోటో కోసం వచ్చి బల్ల మీద కూర్చున్న కుటుంబం వైపు తిరిగాడు. "అమ్మ పోయిన కాడికెళ్ళి సార్ దిమాగ్ జెర ఖరాబైంది. ఏ ఫోటో చూసినా అండ్ల అమ్మనే కనవడుతది."

నవ్వాడు. వాళ్ళూ జాలిపడి నవ్వారు. బతిమాలే యెషయా అక్కడితో సరి. మెట్లు దిగి బజారులోకొచ్చిన మనిషి వేరు. వాడి తల నలుగురిలో వంచాలి, ఆ నెగెటివ్ చేతికి రావాలి. ఈ రెండూ తప్ప ఇంకేం అక్కర్లేకపోయింది ఆయనకి. ఆఫీసులో ఫైలు చూస్తున్నా అదే, అన్నం కలుపుకుంటున్నా అదే. చర్చి అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, పగ మనిషిని తినేస్తుందని చెప్పి వెళ్ళారు. తిననీ అనుకున్నాడు. ఇంట్లో తినడానికి ఇంకేముంది గనక.

ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి తట్టింది. నెగెటివ్ వాడు పారెయ్యలేదు. అదే వాడి ధైర్యం. ఆ ధైర్యాన్ని వాడు యెషయాకి చూపించడు, కానీ పదిమందిలో పరువు మీదికొస్తే చూపించక చస్తాడా? ముల్లుని ముల్లుతోనే తీయాలి.

ఆ ముల్లు ఎదురింట్లోనే దొరికింది. జంగయ్యది రేకుల పని. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన జీపు ఒకటి తెచ్చుకుని, పెళ్ళికొడుకుల బరాత్‌కి కిరాయికిద్దామని దాన్ని నవాబుల నాటి కారులా తయారుచేస్తున్నాడు. పొడుగాటి రేకు బానెట్టు, పక్కన మెట్లు, ముందు దీపాల చుట్టూ తళతళలాడే ఇత్తడి పళ్ళేలు. ఊళ్ళో అలాంటి బండి అదే మొదటిది, ఇంకా షెడ్డు దాటి బయటికి రాలేదు. యెషయా సంగతంతా చెప్పాడు.

జంగయ్య సుత్తి కింద పెట్టేశాడు. "ప్రతి క్రిస్మస్‌కు రోసమ్మక్క చేతి కేకు తిన్న నోరు సార్ ఇది. చెప్పుండ్రి, ఏడికి తోలాలె?"

డిసెంబరు మంచులో, పొద్దు పొడవకుండానే తిరుమలగిరి దాకా తోలుకుపోయారిద్దరూ. పాడుబడ్డ ఒక ప్రహరీ పక్కన సగం దాగేలా నిలబెట్టారు. యెషయా తన నేమాలన్నీ తనే తెంచేశాడు. కారుని ముట్టుకున్నాడు, జరిపించాడు, తుడిపించాడు, చక్రాల మీద దుమ్ము కూడా చల్లాడు. దర్శనం కాదిది, వేట. మంచులోంచి పొడుగాటి ముక్కు, ఒక దీపం, ఒక చక్రం మాత్రం కనబడేలా చూసుకుని రీల్లో చివరి ఫోటో నొక్కాడు.

ఆ రీలు పట్టుకుని స్టూడియో మెట్లెక్కాడు. "పోయిందేదో పోయింది సదాశివా. మనసు బాగాలేక ఏదో అన్నాను, పెట్టుకోకు" అంటుంటే నోట్లో వేపాకు నమిలినట్టుంది. "చివరి ఫ్రేము మాత్రం జాగ్రత్తయ్యా. ఏ నవాబుదో పాపం, తిరుమలగిరిలో పాడుబడ్డ గోడ పక్కన కనబడింది. మర్నాడు వెళ్ళి చూస్తే లేదు."

"గట్లనా సార్" అన్నాడు సదాశివ. కళ్ళు మాత్రం రీలు మీదే ఉన్నాయి.

నాలుగు రోజులాగి వెళితే జవాబు తయారుగా ఉంది. "గదే చివరిది మళ్ళ కాలింది సార్. మీ కెమెరానే ఖరాబున్నట్టుంది, ఒకసారి చూపియ్యిండ్రి."

"అయ్యో, నా రాత" అని నెత్తిన చెయ్యి పెట్టుకుని బయటికొచ్చాడు యెషయా. బస్టాపులో నిలబడ్డాక ఆపుకోలేక నవ్వాడు. రోసమ్మ పోయాక ఆ మనిషి నవ్వడం అదే మొదలు. పక్కనున్నాయన రెండడుగులు దూరం జరిగాడు.

జనవరి వచ్చింది. హాలు నడిమధ్యన, అన్నిటికంటే పెద్దదిగా ఆ మంచు ఫోటో వేలాడుతోంది. సదాశివ కొత్త సఫారీ సూటు కుట్టించుకున్నాడు. మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ఆర్థర్ గారు సంఘానికి అధ్యక్షులు, కార్ల మీద ఆయన మాటకి తిరుగులేదు. ఆయన ఫోటోకి ముక్కు ఆనించి బుర్ర గోక్కుంటున్నారు.

"రోల్స్ కాదు, డైమ్లర్ కాదు. ఏం కారయ్యా సదాశివా ఇది?"

"ఎవరికీ ఎర్క లేదు సార్. గా దినం నా అదృష్టం, కనవడ్డది, తీసిన."

అప్పుడు గేటు దగ్గర పోం పోం అని హారన్ మోగింది. ఊరేగింపు కార్ల వరస చివర, బంతిపూల దండలు వేసుకుని, పెళ్ళికొడుకు లేని బరాత్ బండి వచ్చి నిలబడింది. మీద జంగయ్య, ఇస్త్రీ చొక్కాలో. జనం బయటికొచ్చి చూశారు. లోపలికెళ్ళి ఫోటో చూశారు. మళ్ళీ బయటికొచ్చారు. ఆర్థర్ గారు దండ పక్కకి తీసి బానెట్ మీద వేలితో కొడితే డబ్బా మోగినట్టు మోగింది. ఆయన వంగి దీపం చుట్టూ తడిమారు.

"పళ్ళెం మ్యాన్ ఇది. అన్నం తినే పళ్ళెం."

హాలంతా గొల్లుమంది. సదాశివ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకేం ఎర్క సార్, రోడ్డు మీద కనవడ్డది" అని నసిగాడు.

"ఏ రోడ్డు మీదన్నా?" అన్నాడు జంగయ్య బండి దిగకుండానే. "నా బండి షెడ్డు దాటి బయటికొచ్చింది ఒక్కపారే, యెషయా సార్ ఫోటో కోసం. ఆడ సారున్నడు, నేనున్న. నువ్వైతే లేవు."

నవ్వులాగిపోయాయి. యెషయా ముందుకొచ్చాడు. "ఇది నా రీల్లోంచి దొంగిలించాడు. నిరుడు బహుమతి కొట్టిన హంబరూ నాదే. అదీ ఇలాగే కాలిపోయిందన్నాడు."

సదాశివ కస్సుమన్నాడు. "గిది తప్పైతే తప్పే, ఒప్పుకుంట. హంబర్ మీద మాట పడనియ్య. దాని నెగెటివ్ నా తాన ఉంది. ఎవరి తాన నెగెటివ్ ఉంటే ఫోటో వాళ్ళది."

"ఉంటే పట్టుకురా" అన్నారు ఆర్థర్ గారు.

  ఏడాదిగా యెషయా ఎదురుచూసింది ఆ రెండు ముక్కల కోసమే.

సదాశివ స్కూటర్ మీద పోయి తెచ్చాడు. వాడి ధైర్యం వాడికుంది. నెగెటివ్‌లో మొహం నల్లగా, జుట్టు తెల్లగా దయ్యంలా ఉంటుంది. కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. "అంచుకు ఎవరో దారిన పోయే ఆడామె అడ్డమొచ్చింది సార్, ప్రింటుల కోసిన" అని ముందే చెప్పుకున్నాడు.

ఆర్థర్ గారు దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. "నిరుడు చెట్టు నీడ అన్నావు. ఇందులో చెట్టేది? ఈ దారిన పోయే ఆడమనిషి చేతిలో గొడుగుంది."

 కారు మీద ఆశలో సదాశివ, తను కోసిపారేసిన మనిషిని ఎప్పుడన్నా సరిగ్గా చూశాడు గనకనా.

"ప్రింటు వేద్దాం రండి" అన్నారు ఆర్థర్ గారు. హాలు వెనకే సంఘం వాళ్ళ డార్క్ రూము. ఎర్రబల్బు కింద ముగ్గురూ నిలబడ్డారు. ఆర్థర్ గారు కాగితాన్ని ట్రేలో ముంచి మెల్లగా ఊపుతుంటే ముందు కారు వచ్చింది, తర్వాత గేటు, తర్వాత బానెట్ మీద నీడ. అన్నిటికంటే ఆఖర్న, కాగితం అంచు దగ్గర, రోసమ్మ వచ్చింది.

చేతిసంచీ చంకలో ఇరికించుకుని ఉంది. రెండు చేతులూ బారగా చాపి గొడుగుని ఓరగా, ఎండకీ బానెట్‌కీ మధ్య అడ్డం పట్టింది, ఆయన కంట్లోకి తళతళ కొట్టకుండా. తను మాత్రం మాడే ఎండలో నిలబడి ఉంది. ఎండకి కళ్ళు చికిలించి, సూటిగా ఆయన్ని చూసి నవ్వుతోంది. పక్కకి జరగమంటే ఎందుకు జరగలేదో యెషయాకి అప్పుడు తెలిసింది. జరిగితే నీడ పోతుంది.

ఫోటో వచ్చాక చూసుకుని, అప్పుడు తిట్టమంది. చూసుకున్నాడు. ట్రే అంచు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మేము బహుమతి ఇచ్చింది ఈ నీడకే" అన్నారు ఆర్థర్ గారు మెల్లగా. తడి చేతులు తుడుచుకుని, నెగెటివ్ తీసి యెషయా చేతిలో పెట్టారు.

హాల్లోకి రాగానే సదాశివ యెషయా కాళ్ళమీద పడ్డాడు. "మాఫ్ చెయ్యిండ్రి సార్. కారు చూసి ఆశపడ్డ. అమ్మ పోతదని నాకేమెర్క? చర్చి పెండ్లిళ్ళ ఫోటోలు మొత్తం నా తాననే అయితయి, మీరు చర్చిల నోరు తెరిస్తే బజార్ల పడ్త."

ప్రదర్శన చూడ్డానికొచ్చిన ఎమిలీ కూడా అక్కడే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ. యెషయా వంగి వాణ్ణి లేపుతాడని అందరూ చూస్తున్నారు. యెషయా వంగలేదు.

"నా దగ్గర మాఫీ లేదు. నేను నోరు తెరవకూడదంటే ఒక పని చెయ్యాలి. ఆ రోజు మా ఆవిణ్ణి కోసి కారు ఉంచావు. ఇప్పుడు నీ చేత్తోనే కారు కోసి ఆమెని ఉంచు. పెద్దది చేసి నీ షోకేసులో నడిమధ్య పెట్టు. తియ్యమని నేను చెప్పేదాకా తియ్యకూడదు. రోజూ షట్టరెత్తగానే ముందు ఆమె మొహం చూడాలి నువ్వు, ఆ తర్వాతే బోణీ."

"కారు కోస్తే గొడుగు నీడ సుత పోతది సార్" అన్నాడు సదాశివ కిందనుంచే.

"కారు పోనీ. గొడుగు పోకూడదు."

వారం తిరక్కుండా పెళ్ళికూతుళ్ళ ఫోటోల మధ్య, బోసినవ్వుల పిల్లల మధ్య, ఎండలో కళ్ళు చికిలించి నవ్వుతూ రోసమ్మ వచ్చి కూర్చుంది. కింద ఆమె పేరు, పక్కన యెషయా పేరు. ఆయన ఆఫీసుకి ఆ బజారు మీదుగా దారి మార్చుకున్నాడు. రోజూ ఎదురుగా ఆగుతాడు. ముందు ఆమెని చూస్తాడు. తర్వాత లోపల తలొంచుకుని అద్దం తుడిచే సదాశివని చూస్తాడు. ఈ రెండో చూపు కూడా తక్కువేం కాదు.

ఆ ఆదివారం ప్రార్థనలో ఆ మాట వచ్చింది. యెషయా నోరు మూసుకునే ఉంది. ఎమిలీ గేటు దగ్గర కాచుకుని పట్టుకుంది.

"అంతా అయిపోయిందిగా, ఇంకా ఎన్నాళ్ళన్నయ్యా?"

"షోకేసులో ఆ ఫోటో వెలిసిపోయేదాకా" అన్నాడు యెషయా.

బ్లాక్ అండ్ వైట్ ఫోటో అంత తొందరగా వెలిసిపోదు. వెలిసినా మళ్ళీ వేయించడానికి, నెగెటివ్ ఆయన జేబులోనే ఉంది.